హిస్టరీ టీచరా, ఆర్కైవిస్టా? పరకాల పాఠకురాలికి జవాబు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది పరకాల దగ్గర ఊరు. కాకతీయ యూనివర్సిటీల ఎంఏ హిస్టరీ, తర్వాత బీఎడ్ చేసిన. టెట్ పాసైన. ఇప్పుడు హన్మకొండల ఒక ప్రైవేటు స్కూల్ల సోషల్ చెప్తున్న. నాకు పాత కాయిదాలంటే ప్రాణం, ఆర్కైవిస్టు కావాలని, అంటే పాత రికార్డులు భద్రంగ కాపాడే కొలువు చెయ్యాలని ఉంది. బాపు మాత్రం డీఎస్సీ రాయి, ఆ పిచ్చి పక్కకు పెట్టు అంటడు. ఉద్యోగం మానేసి ఢిల్లీల నేషనల్ ఆర్కైవ్స్ డిప్లొమాకు పోవాల్నా? ఉర్దూ రాకపోతే నడుస్తదా? ఇంకొకటి: మా తాత పట్వారీ చేసిండు. సందూకల ఆయన కట్టలు ఉన్నయి, సగం ఉర్దూల. కొన్నిటికి చెదలు పట్టినయి. తెలిసినోళ్లు లామినేషన్ చేయించుమంటున్నరు. చేయించాల్నా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. మిగతావి కొన్నాళ్లు ఆగుతాయి, ఇది ఆగదు. లామినేషన్ చేయించకండి. ఒక్క కాయిదం కూడా వద్దు.

లామినేషన్ మిషన్ వంద డిగ్రీలు దాటిన వేడితో ప్లాస్టిక్ జిగురును కరిగించి కాయిదం పోగుల్లోకి దించుతుంది. తర్వాత దాన్ని విడదీయాలని చూస్తే ప్లాస్టిక్‌తో పాటు రాత కూడా ఊడి వస్తుంది. పాత కాయిదంలో ఉన్న ఆమ్లం బయటికి పోయే దారి లేక లోపలే పని చేసుకుంటూ పోతుంది. పైన మెరుపు ఉంటుంది, లోపల కాయిదం పసుపుబారి పెళుసెక్కుతుంది. సెల్లో టేపు సంగతీ ఇంతే. కొన్నేళ్లకు టేపు ఎండి ఊడిపోతుంది, జిగురు మాత్రం గోధుమ రంగు మరకై నిలుస్తుంది, సిరాను కూడా కరిగిస్తుంది. చిరిగిన చోట అతికించాలని మనసు లాగినా ఇప్పుడే ముట్టుకోకండి. పలుచటి జపాన్ టిష్యూ కాయిదం, గోధుమ పిండితో ఉడికించిన గంజి వాడి చేసే మరమ్మతు ఒకటుంది. తడి తగిలితే ఆ గంజి మళ్లీ వదులవుతుంది కాబట్టి రేపు ఎవరైనా సరిదిద్దుకోవచ్చు. కానీ అది చూసి నేర్చుకోవలసిన చేతిపని. మీ తాతగారి కాయిదాల మీద మొదటి ప్రయోగం చేయవద్దు.

చెదలు పట్టిన కట్టలను ఈరోజే మిగతా వాటి నుంచి వేరు చేయండి. బతికున్న చెద కనిపిస్తే సందూక కింద, గోడ మూలల్లో మట్టి దారి వెతకండి. చెద కాయిదంలో పుట్టదు, నేల నుంచి ఆ దారిలో వస్తుంది. దారి మూసేయకుండా కట్టలు దులిపి మళ్లీ అక్కడే పెడితే నెలలోపే తిరిగి వస్తుంది. కట్టలను ఎండలో పరచకండి. మన ఇళ్లలో బట్టలకు చేసినట్టే కాయిదాలకూ చేస్తారు, అక్కడే నష్టం జరుగుతుంది. మే నెల ఎండ వరంగల్‌లో 44 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కాయిదంలోని తేమ పోయి మడత దగ్గరే విరుగుతుంది, సిరా వెలిసిపోతుంది. గాలి ఆడే నీడలో, పాత తెల్ల బట్ట మీద పెట్టి, మెత్తటి వెడల్పు బ్రష్షుతో నడిమి నుంచి అంచులకు దులపండి. బూజు కనిపిస్తే ఎన్95 మాస్కు కట్టుకుని ఆ పని ఇంటి బయటే చేయాలి. పురుగుల మందు నేరుగా కాయిదం మీద కొట్టవద్దు. నాఫ్తలీన్ ఉండలు చెదను ఆపలేవు, పైగా కాయిదాన్ని తాకితే మరక పడుతుంది. వేపాకు వాడే అలవాటు ఉంటే బాగా ఎండినది మాత్రమే బట్ట మూటలో కట్టి పెట్టండి. పచ్చి ఆకు తేమ తెచ్చి బూజుకు దారి ఇస్తుంది.

ఇక కట్టలు విప్పడం. ఇక్కడ ఆర్కైవిస్టుకూ సేకరణ సరదా ఉన్నవాళ్లకూ తేడా తెలుస్తుంది. సరదా ఉన్నవాళ్లు కట్టలన్నీ విప్పి తేదీల వారీగా పేరుస్తారు, లేదా ఉర్దూ ఒకవైపు, తెలుగు ఒకవైపు పెడతారు. అలా చేశారో, ఆ సందూకలోని సగం చరిత్ర పోయినట్టే. పట్వారీ ఒక కట్టలో ఏయే కాయిదాలు కలిపి పెట్టాడన్నది కూడా సమాచారమే. ఒక అర్జీ, దాని వెనుక పంచనామా, ఆ వెనుక తహసీలు నుంచి వచ్చిన హుకుం, చివర వసూలు రశీదు ఒకే దారంతో కట్టి ఉంటే అదొక కేసు. వాటిని తేదీలవారీగా విడగొడితే నాలుగు పనికిరాని ముక్కలు మిగులుతాయి. మూలం చెదరకూడదు, తొలి వరుస చెదరకూడదు. ఆర్కైవు శాస్త్రానికి ఈ రెండే పునాదులు.

కాబట్టి తాకకముందే సందూక ఎలా ఉందో అలా పైనుంచి ఫోటో తీయండి. ఒక్కో కట్ట తీసేటప్పుడు ఎక్కడ నుంచి తీశారో రాసుకోండి. తర్వాత ప్రతి కాయిదానికి పైన కుడి మూలన హెచ్‌బీ పెన్సిలుతో మెల్లగా అంకె వేయండి: బస్తా (కట్టలున్న మూట) 1, కట్ట 3, కాయిదం 14 అయితే 1-3-14. పెన్ను, స్టాంపు, స్టిక్కరు వద్దు. తుప్పు పట్టిన గుండుసూదులు లాగి తీయకండి. సూదికీ కాయిదానికీ మధ్య పలుచటి ప్లాస్టిక్ పట్టీ దూర్చి, సూదిని దాని మీదుగా జరిపితే కాయిదం చిరగదు. రాకపోతే అలాగే వదిలేయండి. మడత గట్టిగా ఉంటే బలవంతాన విప్పవద్దు, అంకె వేసి "విప్పలేదు" అని రాసుకుంటే చాలు. చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా తుడుచుకోండి. కాయిదానికి గ్లవుజులు అక్కర్లేదు, గ్లవుజు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చింపుతాం. పాత ఫోటోలను తాకేటప్పుడు మాత్రం గ్లవుజులు వాడాలి.

నోటు పుస్తకంలో రాయవలసినవి: అంకె, తేదీ కాయిదం మీద ఉన్నది ఉన్నట్టుగా, దానికి ఇంగ్లిష్ తేదీ, భాష, ఎవరు ఎవరికి రాశారు, సంగతి ఒక్క వాక్యంలో, ఎన్ని పుటలు, స్థితి. ఆర్కైవుల అంతర్జాతీయ వివరణ ప్రమాణం తప్పనిసరి అనేవి ఆరే: సంకేత సంఖ్య, శీర్షిక, సృష్టించినవారు, తేదీ, పరిమాణం, ఏ స్థాయి వర్ణన (మొత్తం సందూకదా, కట్టదా, ఒక్క కాయిదానిదా) అన్నది. మీ నోటు పుస్తకంలో అవన్నీ వచ్చేస్తాయి. రేపు ఇంటర్వ్యూలో "మీకు అనుభవం ఉందా" అని అడిగితే ముందు పెట్టవలసింది ఈ పుస్తకాన్నే. మూడు వందల కాయిదాల జాబితా శుద్ధంగా చేసిన మనిషికి ఉండే విలువ, పది సెమినార్ల సర్టిఫికెట్లకు ఉండదు.

భద్రపరచడానికి ఆమ్లం లేని కాయిదపు ఫోల్డర్లు దొరికితే మంచిది, లేకపోతే ఉతికిన గంజి లేని తెల్ల నూలు బట్టలో చుట్టి నూలు నాడాతో కట్టండి. రబ్బరు బ్యాండు వద్దు, సుతిలి తాడు అంచులను కోస్తుంది. స్టేషనరీ షాపులో దొరికే మామూలు పీవీసీ కవర్లు సిరాను అంటించుకుంటాయి. కవరు తప్పదనుకుంటే పాలిస్టర్‌ది, రెండు వైపులా తెరిచి ఉన్నది వాడండి. సందూక గోడకు ఆనకుండా, నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. మన దగ్గర అసలు శత్రువు వానాకాలం. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే బూజు లేస్తుంది. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు పెద్ద ఖరీదు కాదు, ఒకటి కొని సందూకలో పెట్టండి. ఎప్పుడైనా నీళ్లు వచ్చి కాయిదాలు తడిస్తే 48 గంటల్లోపు ఆరబెట్టడం మొదలుపెట్టాలి, ఫ్యాను గాలికి, పేజీల మధ్య అద్దుడు కాయిదం పెట్టి. ఆ గడువు దాటితే మీ పోరాటం నీళ్లతో కాదు, బూజుతో.

ఒక హెచ్చరిక. పట్వారీ సందూకలో ఉన్నవన్నీ ఇంటి కాయిదాలు కావు. సేత్వార్ (సర్వే తర్వాత రాసిన భూమి రిజిస్టరు), పహాణీ (ఏటేటా సాగు, స్వాధీనం రాసే రికార్డు), వసూల్ బాకీ (శిస్తు వసూళ్లు, బాకీల లెక్క) లాంటి వాటిలో సర్కారు ముద్ర ఉన్న అసలు ప్రతులు ఉంటే అవి ప్రభుత్వ రికార్డులు. జాబితా పూర్తయ్యాక వాటి సంగతి తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలిపి, అక్నాలెడ్జ్‌మెంటు తీసుకోండి. భూముల ధరలు పెరిగిన ఈ రోజుల్లో 1954-55 ఖాస్రా పహాణీలో ఒక్క పేరు ఎవరికి ఎంత పని చేస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, "ఒక్కసారి చూసి ఇస్తా" అన్నవాళ్లకు అసలు ప్రతి ఇవ్వకండి. ఖాళీ పాత స్టాంపు కాయిదాలు ఉంటే అసలే బయటకు పోనివ్వకండి, దొంగ దస్తావేజులకు ముడిసరుకు అవే. పాత వస్తువుల వ్యాపారులు కూడా వస్తారు. చారిత్రక విలువ ఉన్న రాతప్రతి, రికార్డు 75 ఏళ్లు దాటితే 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తుంది, ప్రైవేటు వ్యక్తి దాన్ని దేశం దాటించడం నేరం.

ఇప్పుడు ఉర్దూ. రాకపోతే నడుస్తుందా అంటే, టీచరుగా నడుస్తుంది. తెలంగాణలో ఆర్కైవిస్టుగా నడవదు. నిజాం రాజ్యంలో 1880ల నడుమ దాకా సర్కారు భాష ఫారసీ, ఆ తర్వాత 1948 దాకా ఉర్దూ. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కను కాయిదాల నుంచి నిజాం సర్కారు శాఖల ఫైళ్ల దాకా ఉన్నాయి. వాటి ముందు తెలుగు, ఇంగ్లిష్ మాత్రమే వచ్చిన ఎంఏ హిస్టరీ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. మన జిల్లాల చరిత్ర మీద పరిశోధన చాలావరకు ఇంగ్లిష్ రిపోర్టులూ గెజిటీర్ల చుట్టే తిరగడానికి ఇదే కారణం, ఇది నాకు బాధ కలిగించే విషయం. మీ దగ్గర సందూక ఉంది, వయసు ఉంది. ఈ గోడ మీరు దాటగలరు.

భయపడినంత కష్టం కాదు. అక్షరాలకు రెండు నెలలు, అచ్చు చదవడానికి మరో నాలుగు నెలలు, రోజుకు అరగంట చాలు. ఢిల్లీలోని జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి ఏడాది డిప్లొమా నడుపుతుంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ దూరవిద్యలో ఇంగ్లిష్ ద్వారా ఉర్దూ నేర్పే కోర్సు పెట్టింది. వీటికన్నా మంచి దారి, మీ స్కూల్లోనో పక్క కాలనీలోనో ఉన్న ఉర్దూ పండిట్ సారు దగ్గర వారానికి రెండు సాయంత్రాలు కూర్చోవడం. చేతిరాత, ముఖ్యంగా అక్షరాలు విరిచి గొలుసుకట్టుగా రాసే షికస్తా, వేరే చదువు. దానికి ఇంకో ఏడాది పెట్టుకోండి. ఊరట ఏమిటంటే రెవెన్యూ కాయిదాల్లో మాటలు మళ్లీ మళ్లీ అవే వస్తాయి: మౌజా (ఊరు), తాలూకా, రఖ్బా (విస్తీర్ణం), మహసూల్ (శిస్తు), ఖాతా, దస్తఖత్ (సంతకం), ముహర్ (ముద్ర). ఓ యాభై మాటలు చూడగానే గుర్తుపట్టగలిగితే పహాణీ సగం చదివినట్టే. తడబడేది ఊరి పేర్ల దగ్గర. ఉర్దూలో ణకు, ళకు వేరే అక్షరాలు లేవు, హ్రస్వాలు చాలాసార్లు రాయరు. మల్లంపల్లి, ములంపల్లి ఒకేలా కనిపిస్తాయి. పక్కన తాలూకా పేరు, సర్వే నంబరు చూడకుండా ఊరు తేల్చవద్దు. లెక్కల పుటల్లో అంకెలు మామూలు ఉర్దూ అంకెలు కాకుండా సియాఖ్ పద్ధతిలో ఉండవచ్చు. దాన్నే రఖం రాత అంటారు. అవి అరబ్బీ సంఖ్యల పేర్ల నుంచి కుదించిన గుర్తులు, వాటి పట్టిక ఒకటి రాసుకుని పక్కన పెట్టుకోవాలి.

తేదీల దగ్గర ఎక్కువ మంది బోల్తా పడతారు కాబట్టి ఇది కాస్త నిదానంగా చూడండి. నిజాం రాజ్యంలో రెవెన్యూ లెక్కలకు వాడిన ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజుర్ నెలతో మొదలవుతుంది. ఇంగ్లిష్ సంవత్సరం రావాలంటే ఆజుర్ నుంచి డిసెంబరు ఆఖరు దాకా ఫసలీకి 590 కలపాలి, జనవరి నుంచి 591. జాగీర్ల రద్దు రెగ్యులేషను మీద 1358 ఫసలీ అని ఉంటుంది. అది వచ్చింది 1949 ఆగస్టులో, అంటే 591 కలపాలి. 590 కలిపితే 1948 ఆగస్టు అవుతుంది, నిజాం రాజ్యం భారత్‌లో కలిసిన పోలీసు చర్యకు నెల ముందు. నిజాం సర్కారే జాగీర్లు రద్దు చేసిందన్న అబద్ధపు చరిత్ర ఒక్క అంకెతో తయారవుతుంది. శక సంవత్సరంతోనూ ఇదే చిక్కు. వేయిస్తంభాల గుడి దగ్గరి రుద్రదేవుని శాసనం శక 1084 చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి. 78 కలిపి 1162 అని రాస్తే తప్పు. మాఘం అప్పటికే కొత్త ఇంగ్లిష్ సంవత్సరంలో పడింది, కాబట్టి అది 1163 జనవరి. ఈ ఒక్క లెక్క తొమ్మిదో తరగతి పిల్లలతో బోర్డు మీద చేయించి చూడండి, తేదీలంటే బట్టీ అనుకునే పిల్లలు కూడా పెన్ను తీస్తారు.

రూపాయలూ అంతే. నిజాం కాలపు రిజిస్టర్లలో ఓఎస్ అని ఉంటే ఉస్మానియా సిక్కా, అదే హాలీ. ఐజీ అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి. నూరు ఐజీ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. ఇది పట్టించుకోకుండా వరంగల్ జీతాలను బెజవాడ జీతాలతో పోల్చితే ఏడింట ఒక వంతు తేడా వస్తుంది.

ఊళ్ల పేర్లు దొరికినా జిల్లా పేరు తప్పితే ఫైలు దొరకదు. కరీంనగర్ జిల్లా 1905కు ముందు ఎలగందల, నిజామాబాద్ అప్పట్లో ఇందూరు. ఖమ్మం 1953 దాకా వరంగల్‌లో భాగం. 2016లో జిల్లాలు విడిపోయాయి, 2021లో వరంగల్ అర్బన్, రూరల్ పేర్లు పోయి హన్మకొండ, వరంగల్ జిల్లాలు అయ్యాయి. మీ పరకాలనే తీసుకోండి: ఇప్పుడు హన్మకొండ జిల్లా, కానీ 1951 జనాభా లెక్కల్లో కరీంనగర్ జిల్లాలో ఉంది. మీ తాతగారి కాలపు తాలూకా ఫైళ్ల కోసం వరంగల్ జాబితాలే తిరగేస్తే ఖాళీ చేతులతో తిరిగి వస్తారు.

ఉద్యోగం సంగతికి వస్తాను. ఇందులో మీ బాపు మాట సగం నిజం. ఆర్కైవిస్టు అనే పేరుతో పక్కా పోస్టులు చాలా తక్కువ. యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ప్రకటనల్లో అప్పుడప్పుడు వస్తాయి, ప్రాచ్య రికార్డుల విభాగం వాటికి ఫారసీ లేదా అరబ్బీ డిగ్రీ అడుగుతారు. రాష్ట్రంలో ఖాళీల కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చుంటే వయసు దాటిపోతుంది. బయట దొరికేవి ఎక్కువగా డిజిటైజేషన్ కాంట్రాక్టులు. పేజీకి ఇంత అని కూలి లెక్క కట్టే చోట చేరేముందు ఆలోచించండి, ఆ వేగంలో రిజిస్టర్ల కుట్లు తెగుతాయి, మీరు నేర్చుకునేదీ ఉండదు. తిండి పెట్టేది టీచరు ఉద్యోగమే. నా సలహా కూడా అదే: కొలువు పాఠం చెప్పేది తీసుకోండి, పనితనం ఆర్కైవుది పెంచుకోండి.

అయితే డీఎస్సీ ఒక్కటే పట్టుకోవద్దు. స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో ఎక్కువ భాగం ప్రమోషన్లతో నిండుతాయి, నేరుగా తీసుకునేవి కొన్నే. 2024 డీఎస్సీలో పరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. టెట్ మార్కులు తక్కువగా ఉంటే మళ్లీ రాసి పెంచుకోండి, పాసైతే చాలనుకునేవాళ్లు ఇక్కడే వెనకబడతారు. సోషల్ అంటే చరిత్ర ఒక్కటే కాదు. హిస్టరీ వాళ్లు జాగ్రఫీలోనూ ఎకనామిక్స్‌లోనూ మార్కులు పోగొట్టుకుంటారు, సగం సమయం వాటికే ఇవ్వండి. మీ చదువుకు అసలు సరిపోయేవి ఎంఏ అడిగే పోస్టులు: గురుకులాల పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్), జూనియర్ లెక్చరర్, నవోదయ, కేంద్రీయ విద్యాలయాల పీజీటీ హిస్టరీ. ఎంఏలో 50 శాతం, పీజీటీలకు బీఎడ్ కూడా ఉంటే దారి తెరిచి ఉంది. 2020 పీఆర్సీ స్కేళ్లలో స్కూల్ అసిస్టెంట్ మూలవేతనం 42,300తో మొదలైతే జూనియర్ లెక్చరర్‌ది 54,220. ఎంఏలో 55 శాతం ఉంటే నెట్, సెట్ రెండూ రాయండి, డిగ్రీ లెక్చరర్‌కు వాటిలో ఒకటి కావాలి. నెట్ మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, మూడు గంటలు, తప్పు జవాబుకు కోత లేదు. నెట్‌తోనే వచ్చే పరిశోధన ఫెలోషిప్పు జేఆర్‌ఎఫ్‌కు వయసు గడువు ఉంది కాబట్టి అది ముందు ప్రయత్నించండి. జేఆర్‌ఎఫ్ వస్తే మీ సందూక మీదే పీహెచ్‌డీ చేయవచ్చు, నెల నెలా ఫెలోషిప్పుతో.

ఢిల్లీ డిప్లొమా మంచిదే. నేషనల్ ఆర్కైవ్స్ కింద ఉన్న స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఏడాది కోర్సు నడుపుతుంది, రికార్డుల నిర్వహణ, మరమ్మతు, సంరక్షణ మీద కొన్ని వారాల చిన్న కోర్సులూ ఉన్నాయి. ఈ ఏడాది ఉద్యోగం మానేసి పెద్ద కోర్సుకు వెళ్లవద్దు. ముందు చిన్న కోర్సు ఒకటి, ప్రకటన తేదీలు సెలవులకు కలిసొచ్చేలా చూసుకుని చేయండి. ఆ పని మీ చేతికి, మీ ముక్కుకు పడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. దుమ్ము, బూజు పడనివాళ్లకు ఈ రంగం ఆరోగ్యాన్ని తింటుంది, ఆస్తమా ఉంటే ముందే డాక్టరును అడగండి. ఉర్దూ అచ్చు చదవడం వచ్చాక, పీజీటీ, జేఎల్ పరీక్షలు ఒక విడత రాశాక పెద్ద కోర్సుకు వెళ్తే ఆ ఏడాదిలో మీరు పొందేది రెట్టింపు. దరఖాస్తు చేసేముందు ప్రకటనలో ఎంఏ మార్కులు, వయసు, ఎంఏలో ఆధునిక భారత చరిత్ర పేపరు నియమం చూసుకోండి.

స్కానింగు గురించి మీరు అడగలేదు, కానీ తర్వాతి ప్రశ్న అదే అవుతుంది. మొదటి జాబితాకు ఫోను చాలు: కిటికీ పక్క నీడ వెలుగు, ఫ్లాష్ లేకుండా, ఫోను కాయిదానికి సమాంతరంగా, పక్కన స్కేలు, అంకె చీటీ. నిలవ ప్రతికి 300 డీపీఐ, రంగుల్లో, టిఫ్ ఫైలుగా. ఏ4 పుట ఒక్కటి సుమారు 26 మెగాబైట్లు, వెయ్యి పుటలు 26 గిగాబైట్లు అవుతాయి. అందుకు తగ్గ హార్డ్ డిస్కులు రెండు కొని వేర్వేరు ఇళ్లలో పెట్టండి, మూడో ప్రతి క్లౌడ్‌లో. కుట్టిన రిజిస్టర్లను ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద బోర్లా వేసి నొక్కకండి, వెన్ను విరుగుతుంది. వాటిని పైనుంచి కెమెరాతోనే తీయాలి. ఫైలు పేరు నోటు పుస్తకంలోని అంకే: 1-3-14. "తాత పహాణీ కొత్తది ఫైనల్" లాంటి పేర్లు పెడితే రెండేళ్లకు మీకే అర్థం కావు.

సందూక అయ్యాక కొత్త కాయిదాల కోసం దూరం పోనక్కర్లేదు. రేపు మీకు పోస్టింగు వచ్చే జెడ్పీ హైస్కూలు బీరువాలోనే ఆర్కైవు ఉంటుంది: అడ్మిషన్ రిజిస్టర్లు, లాగ్ బుక్కులు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు. 1948కి ముందు పెట్టిన బడి అయితే పాత రిజిస్టర్లు ఉర్దూలో మొదలై మధ్యలో తెలుగుకు మారిన చోటు మీరే చూడవచ్చు. ఏ ఊళ్ల నుంచి పిల్లలు వచ్చారు, తండ్రుల పని ఏమిటి, ఏ తరగతిలో చదువు మానేశారు, ఆడపిల్ల పేరు మొదటిసారి ఏ ఏడాది కనిపిస్తుంది, అన్నీ ఆ గళ్లలో ఉంటాయి. హెడ్మాస్టరు అనుమతి రాతలో తీసుకోండి. బతికున్నవాళ్ల కులం, పుట్టిన తేదీ బయట పెట్టకూడదు, మొత్తాల లెక్కలే వాడండి. తొలి అభ్యాసానికి హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం ఉంది. పాత పత్రికల జాబితాకు సాయం చేస్తానని అక్కడి కార్యవర్గాన్ని అడిగి చూడండి. ఊళ్లో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేస్తే ముందు సమ్మతి పత్రం మీద సంతకం, లేదా రికార్డింగులోనే నోటి మాటగా సమ్మతి తీసుకోండి. ఒక గంట మాటను రాతలో పెట్టడానికి ఐదారు గంటలు పడుతుంది, ఆ లెక్కతోనే ఒప్పుకోండి.

తార్నాకకు మొదటిసారి వెళ్లేటప్పుడు గుర్తింపు కార్డు, మీ స్కూలు లేదా కాకతీయ యూనివర్సిటీ చరిత్ర విభాగం ఇచ్చిన లేఖ, పెన్సిళ్లు తీసుకెళ్లండి. "పరకాల గురించి ఏమైనా ఉందా" అని అడిగితే అక్కడివాళ్లు ఏమీ చేయలేరు. శాఖ పేరు, ఫసలీ సంవత్సరం, అప్పటి జిల్లా పేరు చీటీ మీద రాసి అడగండి. మొదటి రోజంతా కేటలాగులకే ఇవ్వండి, ఫైళ్లు రెండో రోజు.